దాల్చినచెక్క విరిచిన చప్పుడు

ఇరవై ఏడేళ్లు జీతం తీసుకుని చెట్టు బెరడు వాసన చూశాను. మా ఇంట్లో కుక్క కూడా రోజూ ఆ పనే చేసేది, ఒక్క పైసా అడగకుండా. ఇద్దరిలో ఎవరికి పనితనం ఎక్కువని ఒకసారి మా ఆవిడను అడిగాను. "కుక్క ఇంతవరకూ తప్పు చెట్టు దగ్గర ఆగలేదు" అంది.

ఆవిడ ఎందుకలా అందో ముందుముందు మీకే తెలుస్తుంది.

ఈ రాత ఎవరికోసమంటే, మా చర్చికి వచ్చే ముగ్గురు కుర్రాళ్లకోసం. మెల్‌బోర్న్‌లో క్లేటన్ వైపు ఇల్లు పంచుకుని ఉంటూ, యూనిలో ఫుడ్ సైన్స్ చదివి, ఇప్పుడు మసాలా కంపెనీల్లో క్వాలిటీ పనిలో చేరుతున్నారు. "అంకుల్, మీ ఎక్స్‌పీరియన్స్ చెప్పండి" అని క్రెయిగీబర్న్‌లో మా ఇంటికి వచ్చారు. చెప్పడం మొదలుపెట్టాను. పావుగంటకు ముగ్గురూ ఫోన్లు చూసుకుంటున్నారు. సరే, రాసిపెడితే ఆ ఫోన్లోనే చదువుకుంటారు కదా అని కూర్చున్నాను.

ఎప్పుడు ఏ పోస్టులోకి మారాను, ఎవరు ఏ సర్టిఫికెట్ ఇచ్చారు, అవన్నీ వదిలేస్తున్నాను. నాకు ఈ పని నేర్పింది ఒక మనిషి, నా చేత ఆ మనిషికి జరిగిన ఒక అన్యాయం. ఆ రెండూ చెబితే చాలు.

తలనూనె

ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష రోజున నర్సాపురం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి అవతలి ఒడ్డుకు వెళ్లిపోయినవాణ్ణి నేను. మళ్లీ బడి ముఖం చూడలేదు. అలాంటివాడు మెల్‌బోర్న్ ఎలా వచ్చాడంటారా? మా ఆవిడ నర్సు. వీసా ఆమెకు వచ్చింది, నేను లగేజీలో వచ్చాను.

ఎనభై ఎనిమిదిలో ఊరికి ఉత్తరం వైపున్న చిన్న మసాలా మిల్లులో పని దొరికింది. ఓడల్లో వచ్చిన మిరియాలు, లవంగాలు, చెక్క అక్కడ దిగేవి. వాటిని పరీక్ష చేసి, మర పట్టి, బేకరీలకూ హోటళ్లకూ పంపేవాళ్లం. యజమాని పేరు కెవిన్. పొట్టిగా, బట్టతలతో, ఎప్పుడూ పసుపు అంటిన చొక్కాతో ఉండేవాడు. నా పేరు దానియేలు అని చెప్పగానే "డానీ" అన్నాడు. అక్కడితో మా పరిచయం పూర్తయింది.

కొత్త ఉద్యోగం కదా అని మొదటిరోజు తలకు సుబ్బరంగా మల్లెపూల నూనె పట్టించి వెళ్లాను. గేటు దాటి పది అడుగులు వేశానో లేదో, లోపలి గదిలోంచి ఒకావిడ బయటికొచ్చింది. యాభై ఏళ్లుంటాయి. చీర మీద తెల్ల కోటు. నన్ను చూడకుండా గాలినే చూస్తూ అచ్చ తెలుగులో అంది: "ఎవుడ్రా వాడు, మల్లెతోటని నెత్తిన పెట్టుకొచ్చీసినాడు? ఎల్లి కడుక్కో."

ఆస్ట్రేలియాలో పనిలో చేరిన మొదటి గంటలో నేను చేసిన పని, కారు కడిగే కుళాయి కింద తల పెట్టడం.

మీకిచ్చే మొదటి సలహా ఇదే. వాసన చూసే పనికి వెళ్లేవాడు తన వాసన ఇంట్లో వదిలి వెళ్లాలి. సెంటు వద్దు, నూనె వద్దు, పొద్దున్నే ఆవకాయ అసలే వద్దు. ఆవకాయ మానడం నాకు మందు మానడం కన్నా కష్టమైంది.

పైడమ్మక్క

ఆవిడ పేరు పైడమ్మ. ఫిజీ నుంచి వచ్చింది. ఆమె తాతను విశాఖపట్నం జిల్లా నుంచి కూలి ఒప్పందం మీద ఓడెక్కించి ఫిజీ చెరుకు తోటలకు తీసుకుపోయారట. రెండు తరాల కిందట ఓడెక్కిన ఆ తెలుగును ఆమె అలాగే దాచుకుంది, మధ్యమధ్య ఫిజీ హిందీ ముక్కలతో. ఎనభై ఏడులో అక్కడ సైన్యం గవర్నమెంటును పడగొట్టాక, మన జాతివాళ్లకు భయం పట్టుకుంది. అప్పుడు ఈమె మెల్‌బోర్న్‌లో చెల్లెలి ఇంటికి వచ్చేసింది. భర్త అప్పలస్వామి మాత్రం ఫిజీలో వాళ్ల ఊరు లంబాసాలోనే ఉండిపోయాడు, వాళ్లమ్మ మంచాన పడి ఉండటంతో.

కెవిన్ ఆమెను "ప్యాడీ" అనేవాడు. ప్యాడీ అంటే ఐర్లండ్‌లో మగవాళ్ల పేరని నాకు తర్వాత తెలిసింది. ఆమెకు చెబితే, "పిలిస్తే పలకతన్నాను గదా, ఏ దేశం మొగోడైతే నాకేటి" అంది. నేను మాత్రం అక్కా అనేవాణ్ణి.

మిల్లులో వాసన బల్ల అని ఒకటుండేది. పొద్దున ఎనిమిదికి, ఇంకా ఎవరూ టీ ముట్టకముందు, ఆ రోజు దిగిన ప్రతి సరుకులోంచి కాస్త తీసి కప్పుల్లో పెట్టేవాళ్లం. ఒక కప్పులో పొడిగా, ఒక కప్పులో వేడినీళ్లలో. పైడమ్మక్క కుర్చీలో పూల దిండు వేసుకుని కూర్చుని, ఒక్కో కప్పూ వాసన చూసి, నీళ్లు చల్లారాక నాలిక మీద వేసుకుని, ఉంచాలో తిప్పి పంపాలో చెప్పేది. ఆమె మాటే మాట. కెవిన్ కూడా ఎదురు చెప్పేవాడు కాదు. బేళ్లలోంచి మచ్చు తీసి కప్పులు మోయడం నా పని.

దాల్చిన చెట్టు ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. లంబాసా దగ్గర కొండల మీద అది అడవిలా పెరిగేదట. వానలు పడి బెరడు వదులైనప్పుడు వాళ్ల నాయనమ్మతో వెళ్లి కొమ్మలు కొట్టి తెచ్చేదట. పైతోలు గీకేసి, ఇత్తడి కడ్డీతో రుద్ది, లోపలి పొరను ఊడదీసి నీడలో ఆరేస్తే, అదే చుట్టుకుని చుట్టలా తయారవుతుంది. "ఆ చెట్టు గొప్పది తమ్ముడూ. ఆకు నలిపితే లవంగం వాసన. బెరడు నలిపితే చెక్క వాసన. వేరు తవ్వితే కర్పూరం. మనుషుల్లోనే అన్ని రకాలుండవు" అనేది. నేను నమ్మక మిల్లులో ఉన్న సైన్సు పుస్తకంలో చూసిపెట్టమని కెవిన్‌ను అడిగాను. అక్షరాలా నిజం.

రెండు చెక్కలు

మీకు ఇది కాలేజీలో చెప్పే ఉంటారు. నాకు చెప్పినవాళ్లు లేరు కాబట్టి చెబుతున్నాను. మన ఇళ్లల్లో దాల్చినచెక్క అని పలావులో వేసేది చాలావరకు కాసియా. అది దాల్చినకు దాయాది. మందంగా, గట్టిగా, ఒకటే పొరతో ఉంటుంది. ఘాటు. నోట్లో పెడితే చురుక్కుమంటుంది. అసలు దాల్చిన, సిలోన్ నుంచి వచ్చేది, కాగితమంత పలచని పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకుని ఉంటుంది. వాసన తీపి, మెత్తన. నిమ్మతొక్క దూరంగా ఉన్నట్టుంటుంది. అది ముక్కు దగ్గరికి రాదు, మనమే దాని దగ్గరికి వెళ్లాలి.

ఆ రోజుల్లో మా మిల్లులో బేళ్లకు బేళ్లు దిగేది కాసియానే. సిలోన్ చెక్క ఎప్పుడో చిన్న సంచుల్లో వచ్చి నేరుగా అక్క బల్ల మీదికి పోయేది. నేను దాన్ని మోశాను గానీ ముక్కు పెట్టి చూసింది లేదు. నా మట్టుకు నాకు చెక్క అంటే మా అమ్మ క్రిస్మస్ పలావులో వేసిన చెక్క. దానికన్నా మంచిది లోకంలో ఉంటుందన్న అనుమానం కూడా నాకు రాలేదు.

ఇంగువ

ఎనభై తొమ్మిది చలికాలంలో, అంటే ఇక్కడ జూన్ జూలైల్లో, మిల్లంతా ఫ్లూ జ్వరం. పైడమ్మక్క పదిరోజులు రాలేదు. తిరిగొచ్చిన వారానికి నాకు చేతులు దురద పెట్టాయి. ఆవిడతో రోజుకో వేళాకోళం ఆడకపోతే నాకు టీ దిగేది కాదు. ఒకరోజు కాసియా కప్పు అడుగున చిటికెడు పచ్చి ఇంగువ పెట్టి తీసుకెళ్లాను. ఆవిడ మూత తీయగానే నా వీపు మోగుతుందని సిద్ధంగా నిలబడ్డాను.

ఆవిడ మూత తీసింది. నిదానంగా పీల్చింది. "బావుంది. ఉంచండి" అంది.

నా మీదే ఇంకో ఎత్తు వేస్తోందనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అప్పుడు చూశాను, ఆమె రెండో చేతిలో చెక్క ముక్క ఉంది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విరుస్తోంది. వారంరోజులుగా ప్రతి కప్పు దగ్గరా అలాగే విరుస్తోందని అప్పుడు తట్టింది. నా ముఖం చూసి ఆమెకు అర్థమైపోయింది. కప్పు దించి అడుగున వేలు పెట్టి, ఆ వేలు నాలిక మీద రాసుకుంది.

"ఏటి కలిపేవురా ఇందులో?"

"ఇంగువ, అక్కా."

ఆమె కప్పు మీద మూత పెట్టేసింది. జ్వరం తగ్గినప్పటినుంచీ ఏ వాసనా తెలియడం లేదని చెప్పింది. నాలిక మీద ఉప్పూ కారమూ తెలుస్తున్నాయి, అంతే. అత్తగారు పోయారు, ఇప్పుడిక అప్పలస్వామి రావచ్చు. ఆయన వీసా కాగితాలకు మిల్లు నుంచి ఉత్తరం కావాలి, పైడమ్మ మాకు కావలసిన మనిషి, ఆమెలాంటి ముక్కు ఇంకొకరికి లేదు అని. రాసిస్తానని కెవిన్ మాటిచ్చాడు. సంగతి తెలిస్తే రాస్తాడా? "కెవిన్‌కి సెప్పీకురా దానేలూ. ఎవలికీ సెప్పీకు. ఆయనొచ్చీదాకా" అంది. బతిమాలినట్టు అనలేదు. సరుకు గురించి చెప్పినట్టే చెప్పింది.

ఇంకోటి కూడా అంది. "ఆయన సొక్కా వాసన నాకిప్పుడు గురుతొస్తన్నాది గానీ, దగ్గరికొస్తే తెలీదు. అదెలాగుంటాదో సూడాలి."

నేను ఆ రోజు టీ తాగలేదు.

అరువు ముక్కు

ఆ రోజునుంచి ఐదు నెలలు ఆమె ముక్కు నేనే. కప్పు తెచ్చే దారిలో నేను వాసన చూసేవాణ్ణి. సరుకు బాగుంటే దగ్గేవాణ్ణి. మసాలా మిల్లులో దగ్గు ఎవరూ పట్టించుకోరు. బాగోలేకపోతే వంగి బూటు లేసు కట్టుకునేవాణ్ణి. ఒక నెలలో ఎన్ని పాడు సరుకులొచ్చాయో గానీ, కెవిన్ వచ్చి "డానీ, కొత్త బూట్లు కొనుక్కో, చూడలేకపోతున్నా" అన్నాడు.

ఫ్లూ తర్వాత పోయిన వాసన తిరిగొస్తుందా అని మా ఆవిణ్ణి అడగాలి. ఎవరికి పోయిందని ఆమె అడుగుతుంది. "నాకే" అన్నాను. అంతే, మూడు వారాలు పొద్దునా సాయంత్రం నాకు ఆవిరి పట్టించింది, దుప్పటి కప్పి, లేని జబ్బుకి. ఆఖర్న, కొందరికి వస్తుంది, కొందరికి రాదు, నరం దెబ్బతింటే చెప్పలేం అని తేల్చింది. ఆ కబురు మర్నాడు అక్కకు మోశాను. "నువ్వు ఆవిరి బాగా పట్టించుకున్నావా?" అని అడిగి, ఆ జ్వరం తర్వాత మొదటిసారి నవ్వింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి రెండు నెలలు భయపడుతూ చేశాను. తర్వాత పొగరెక్కింది. చదువు లేనివాణ్ణి, వచ్చి ఏడాది దాటిందో లేదో, మిల్లు మొత్తం నా దగ్గు మీద నడుస్తోంది. ఆమె కుర్చీలో దిండు మాత్రమే ఉందని, పని నాదేనని లోపల అనుకోవడం మొదలుపెట్టాను. ఈ వృత్తిలో వచ్చే అసలు జబ్బు అది. ముక్కు పోవడం దానికన్నా చిన్నది.

నా తీర్పు

ఆ ఏడు ఎండలు మొదలయ్యాక, క్రిస్మస్ ముందు, పెద్ద బేకరీ ఒకటి సిలోన్ చెక్క అడిగింది. కెవిన్ కొత్త ఏజెంటు ద్వారా నలభై బేళ్లు తెప్పించాడు. మచ్చు తీసి వాసన చూశాను. ఏదీ, ఘాటు? చురుకు? మా అమ్మ పలావు ఏదీ? ఎక్కడో తీపి, ఎక్కడో నిమ్మతొక్క, అంతే. పాత సరుకు, సారం చచ్చిపోయింది అనుకుని బూటు లేసు కట్టుకున్నాను.

అక్క కప్పు పట్టుకుని ఆగిపోయింది. చుట్ట ఒకటి తీసుకుని వేళ్ల మధ్య నలిపింది. అది పొరలు పొరలుగా పొడయింది. మళ్లీ ఇంకోటి తీసుకుని చెవి దగ్గర విరిచింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"సరిగ్గా సూసినావా? నా యేళ్లు మంచిదంటన్నాయిరా."

నేను అన్న మాట ఇదిగో, ముప్పై ఏళ్లు దాటినా నోట్లోంచి పోలేదు: "వేళ్లకు వాసన తెలుస్తుందా అక్కా?"

వేళాకోళానికే అన్నాను. అలా అనుకునే అన్నాను. ఆమె చేతిలో ముక్కలు దించి, చేతులు తుడుచుకుని, కాగితం మీద తిప్పి పంపమని రాసేసింది.

వారం తిరక్కుండా ఏజెంటు అదే సరుకు మచ్చుతో కెవిన్ గదిలోకి వచ్చాడు. మూడు కప్పుల్లో నీళ్లు పోశాడు. కెవిన్ వాసన చూశాడు, తాగాడు. కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆయనకు కోపమొస్తే అరవడు, అద్దాలు తుడుస్తాడు. ఆ రోజు అద్దం అరిగిపోతుందనుకున్నాను. ఆ ఏడాది ఆయన చూసిన సిలోన్ చెక్కలో అదే మేలైనదట. అప్పటికే వేరే మిల్లు దాన్ని ఎత్తుకుపోయింది, బేకరీ కూడా దాని వెనకే పోయింది.

కెవిన్ వాసన బల్ల దగ్గరికి వచ్చి అక్కతో, రేపు ఎనిమిదింటికి ఐదు కప్పులు నేనే పెడతాను, నువ్వూ నేనూ ఉంటాం, మూడో మనిషి ఉండకూడదు అన్నాడు. అప్పలస్వామి ఉత్తరం టైపు చేసి ఆయన సొరుగులో ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

స్మోకో వేళ, అంటే మా టీ వేళ, ఆవిడ నా పక్కన వచ్చి కూచుంది. నేను నోరు తెరవబోతే, "నువ్వు పలక్కు. నీకూ పెళ్లాం పిల్లలున్నారు. నా తిప్పలు నేను పడతాను" అంది. ఒక్క మాట నన్ను అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని మా ఆవిడకు మొత్తం చెప్పేశాను. ఆవిడకు ముందు అర్థమైంది ఆవిరి సంగతి. గరిటె ఎత్తింది. తర్వాత దించి, "రేపు ఆవిడ ఎనిమిదింటికి ఆ గదిలోకి వెళ్తుంది. నువ్వు ఏడున్నరకు వెళ్లు" అంది.

కెవిన్ గదిలో

ఏడున్నరకు వెళ్లాను. నిలబడే చెప్పాను, ఇంగువ దగ్గరనుంచి బూటు లేసు దాకా. కెవిన్ అద్దాలు తీయలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

"ఐదు నెలల్లో ఎన్ని తప్పులు?" అని అడిగాడు.

"ఒకటే."

"అది ఎవరిది?"

"నాది. నా ముక్కుకు ఘాటు తప్ప వేరే చెక్క తెలీదు. తెలీదని కూడా తెలీలేదు."

"ఆమె వేళ్లు ఏమన్నాయి?"

"మంచి సరుకన్నాయి."

"అంతకుముందు ఆమె వేళ్లు ఎన్నిసార్లు తప్పు చెప్పాయి?"

ఆలోచించాను. నిజంగా వెనక్కి వెళ్లి ఒక్కో రోజూ ఆలోచించాను. నేను దగ్గకముందే ఆమె విరిచి తల ఊపిన రోజులే ఎక్కువ. నా దగ్గు ఆమెకు ధైర్యం కోసం, అంతే. "ఒక్కసారి కూడా లేదు" అన్నాను.

ఎనిమిదింటికి ఆమె వచ్చింది. నన్ను అక్కడ చూసి ముఖం ముడుచుకుంది. కెవిన్ కప్పులన్నీ పక్కకు జరిపి, నాలుగైదు రకాల చెక్కను బల్ల మీద కలగలిపి కుప్ప పోశాడు. వేరు చేయమన్నాడు. ఆవిడ ఎవరూ చెప్పకుండానే కళ్లు మూసుకుంది. ఒక్కోటీ వేళ్లతో తడిమి, పొరలు లెక్కపెట్టి, చెవి దగ్గర విరిచింది. కాసియా టక్కుమంటుంది, ఎండు పుల్ల విరిగినట్టు. సిలోన్ చెక్క గరగరమంటుంది, ఎండిన ఉల్లిపొర నలిపినట్టు. అంతకాలం ఆ గదిలో ఉండి ఆ చప్పుళ్లు నేను వినలేదు, ఎందుకంటే నేనెప్పుడూ మాట్లాడుతూనే ఉండేవాణ్ణి.

కుప్ప నాలుగు భాగాలైంది. ఒక్క కట్ట మాత్రం దేంట్లోనూ పెట్టకుండా చేతిలోనే ఉంచుకుంది. "దీని సప్పుడు సచ్చింది. లోన తడుంది. నాలుగు దినాల్లో బూజొస్తాది." నేను ఇంగ్లీషులో చెప్పాను. అది అంతకు ముందురోజు కెవిన్ తన సొంత ముక్కుతో చూసి ఉంచమన్న సరుకు. ఆయన కత్తి తెచ్చి కట్ట మధ్యకు చీల్చాడు. లోపల నల్లగా చెమ్మ.

కత్తి పక్కన పెట్టి కెవిన్ అన్నాడు, "మీ ఇద్దరినీ కలిపితే నాకొక పూర్తి మనిషి అవుతున్నాడు."

ఇది సుఖాంతం అనుకోకండి. వాసన బల్ల ఆమెకు పోయింది. బేళ్లు దిగే చోట, ట్రక్కుల దగ్గర, ఎండకూ గాలికీ నిలబడి చెక్క చూసే పని ఇచ్చాడు. కుర్చీ మీది పూల దిండు ఆమే తీసి చంకలో పెట్టుకుని వెళ్లింది. ఆ నడక నేను చూశాను. నన్ను ఆర్నెల్లు కప్పులు కడగమన్నాడు, రోజూ గంటసేపు ఆమె పక్కన నిలబడి నోరు మూసుకుని వినమన్నాడు. ఉత్తరం మీద మాత్రం ఆ రోజే సంతకం పెట్టాడు. "ముక్కు" అన్న మాట కొట్టేసి, "చేతులు" అని పైన పెన్నుతో రాశాడు.

కెవిన్ మంచి బాసు. అయినా నిర్మొహమాటంగా చెబుతాను, అంతకాలం తప్పు చేయని మనిషి ఒక తప్పు చేస్తే, పరీక్ష పెట్టే ముందు ఏమైందమ్మా అని అడగాలి. ఆయన అడగలేదు. అడిగేవాడని నమ్మకం ఉంటే ఆమె దాచేదీ కాదు. మీరు రేపు బాసులైతే ఇది గుర్తుపెట్టుకోండి. మీ కింద ఎవరు చెవి దగ్గర పెట్టుకుని ఏం విరుస్తున్నారో చూడండి.

రాక

తొంభైలో, ఇక్కడి ఎండాకాలం చివర్లో, ఫిబ్రవరిలో అప్పలస్వామి వచ్చాడు. ఎయిర్‌పోర్టుకు అక్కను నా కారులోనే తీసుకెళ్లాను. సన్నగా, పొడుగ్గా, కోటు లోపల చెరుకుగడలా ఉన్నాడు. చేతిలో ఖాళీ రేకు డబ్బా. వాళ్ల పెరటి దాల్చిన ఆకులు దాన్నిండా తెచ్చాడట. క్వారంటీన్ వాళ్లు ఆకులు ఉంచుకుని డబ్బా ఇచ్చారు.

"నీకోసరం తెచ్చేనే, వాసనకి" అన్నాడు పాపం. ఆమె ఆయనకు ఏమీ రాయలేదని అప్పుడు తెలిసింది నాకు.

ఆమె ఆయన చొక్కా కాలరు దగ్గర ముఖం పెట్టి పీల్చింది. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. ఏమీ రాలేదని నాకు తెలుసు, ఎందుకంటే ఆమె చేతులు ఆయన చేతిని వెతుక్కున్నాయి. కొడవలి తెగిన పాత మచ్చ, కాయలు కాసిన అరచెయ్యి, ఒక్కో వేలి కణుపూ తడుముతూ నిలబడింది. కళ్లు మూసుకుంది.

"పోన్లెండి. చేతులు తెచ్చేరు గదా" అంది.

నేను వెళ్లి కారులో కూర్చున్నాను. ఒక్క వేళాకోళం కూడా తట్టలేదు.

ఆ మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. ఉప్పూ కారమూ నాలికకు తెలుస్తాయి, తక్కినవి గుర్తు మీద వేసిందట. కూర బాగుంది. అప్పలస్వామి తిని నిద్రపోయాడు. ఆమె గిన్నెలు కడుగుతుంటే తుడుస్తూ, అప్పటిదాకా అడగలేకపోయినది అడిగాను. వేళ్లకు వాసన తెలుస్తుందా అన్నాను కదా అక్కా, ఆ మాటకు నన్ను క్షమించావా, నా ముక్కును నమ్మబట్టే కదా నీ కుర్చీ పోయింది అన్నాను.

ఆమె చేతిలో గిన్నె నాకిచ్చింది.

"నీ ముక్కుని నానేనాడు నమ్మేనురా? నీ నోటిని నమ్మేను. అయిదు నెల్లు మూసుకోని ఉన్నాది. కట్టుకున్నదానికి కూడా సెప్పకుండా ఆవిరి పట్టించుకున్నావు. తుడు, సరిగ్గా తుడు."